సెల్లారు మోటారు

వైండింగాయన మోటారు గుల్లను రెండు పాదాల మధ్య ఇరికించుకుని, మాడిపోయిన పాత కాయిలును కొక్కెంతో లాగుతున్నాడు. ఒక పక్క చివర్లు ఉలితో నరికేశాడు. రెండో పక్క నుంచి లాగితే రాగితీగ కట్టలు కట్టలుగా ఊడి రావాలి. ముసురు రోజుల్లో అంత తేలిగ్గా రాదు. లాగినప్పుడల్లా దగ్గు, దగ్గినప్పుడల్లా ఎడమ భుజంలో పోటు. పోటు రాగానే కొక్కెం వదిలేసి, భుజం ఒత్తుకుని, ఎవరినో ఒకరిని తిట్టుకుని మళ్లీ అందుకుంటాడు. ఈ రోజు తిట్టడానికి మనిషిని వెతుక్కోవలసిన పని లేదు. పాదాల మధ్య ఉన్నది సందు చివరి అపార్టుమెంట్ల సెల్లారు మోటారు.

పొద్దున్నే వాచ్‌మన్ దాన్ని తోపుడు బండి మీద తోసుకొచ్చాడు. ఏడాదిగా మూలన పడి ఉన్నదాన్ని, పెద్ద వాన వస్తోందని చెప్పుకుంటుంటే ఒకసారి ఆడించి చూశారట. ఒక్క మూలుగు మూలిగి మాడిపోయిందట. చుట్టుపక్కల ఇంత పెద్ద మోటారు చుట్టేవాడు నువ్వొక్కడివే కదా బాబాయ్ అంటూ అతను గుమ్మం బయటే నిలబడిపోయాడు. లోపలికి అడుగు పెట్టడానికి మొహం చెల్లలేదు. పోయినేడు ఇదే మోటారుకి లావుపాటి పైపు బిగించి, దాన్ని ప్రహరీ గోడ మీదుగా ఈ సందులోకి దించింది అతని చేతులే. దించమని అపార్టుమెంట్ల సెక్రటరీ వేలితో చోటు చూపించాడు, అంతే.

ఆ అపార్టుమెంట్లు కట్టక ముందు అక్కడ పెద్ద గుంట ఉండేది. చుట్టుపక్కల పడిన వాన నీళ్లన్నీ అందులోకే పోయేవి. ఇప్పుడు ఆ గుంట ఉన్నచోట సెల్లారు ఉంది, రెండంతస్తుల లోతున, నిండా కార్లు. ఈ మార్పు సంగతి నీళ్లకి ఎవరూ చెప్పలేదు పాపం. వానొస్తే అవి పాత అలవాటు కొద్దీ రోడ్డు దాటి, వాలు దిగి, ఆ సెల్లారులోకే వెళ్తాయి. కార్లు మునిగిపోతాయని వాళ్లు మోటారు పెట్టి తోడి గోడవతలికి వదులుతారు. గోడవతల ఈ సందు. సందులో అన్నీ రెండు గదుల ఇళ్లు. వైండింగాయనకి ముందుగదే షాపు, వెనకగదే సంసారం.

పోయినేడు వెనకగదిలో ఆయన భార్య మంచం మీద ఉంది. పక్షవాతం వచ్చి కుడివైపంతా పడిపోయిన మనిషి. ఆ రోజు ఆయన ఎవరి మోటారో బిగించడానికి ఊరి అవతలి కొసకి వెళ్లి, రోడ్లు తెగిపోయి అక్కడే ఇరుక్కుపోయాడు. ఇంట్లో కూతురు ఒక్కతే. బ్రెడ్డు కంపెనీలో ప్యాకింగు పని చేసుకుంటూ, పెళ్లి మాటెత్తితే లేచి వెళ్లిపోయే పిల్ల. నీళ్లు గడప దాటగానే పెట్టెలు, బియ్యం, తండ్రి రాగితీగ చుట్టలు అటకెక్కించింది. తర్వాత తల్లిని లేపబోయింది. బరువైన మనిషి, లేవలేదు. సాయానికి నలుగురిని పిలుచుకొద్దామని సందు మొదటికి పరిగెత్తింది. వాళ్లతో తిరిగొచ్చేసరికి మంచం కనిపించలేదు.

అప్పటినుంచి సందులో ఒకటే చర్చ, ఆ వానకి కారణమేమిటని. ఎదురుగా టీ కొట్టు బల్ల మీద కూర్చునే రిటైరైన లెక్చరరుది ఒక మాట: సముద్రాలు వేడెక్కాయి, మబ్బులు మునుపటికన్నా ఎక్కువ నీళ్లు మోస్తున్నాయి, ఇక ఏటా ఇంతే. టీ కొట్టావిడది ఇంకో మాట: గుంట పూడ్చినవాడిదీ, పూడ్చుకోమని సంతకం పెట్టినవాడిదీ పాపం. స్కూటరు మెకానిక్కు మురుగ్గాలవలో ప్లాస్టిక్కు సంచుల్ని తిట్టేవాడు. అపార్టుమెంట్ల సెక్రటరీ పరామర్శకి వచ్చి, తడి ఆరని గోడ వంక చూస్తూ, "ప్రకృతి పెద్దాయనా. ప్రకృతి ముందు మనమెంత," అని చేతులు దులుపుకుని వెళ్లిపోయాడు. కూతురు మాత్రం ఏ చర్చలోకీ వెళ్లేది కాదు. ఒకే ఒక్కసారి, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయి, "ముందు పెట్టెలు కాదు నాన్నా, అమ్మని లేపాల్సింది," అంది. ఆ తర్వాత మళ్లీ అనలేదు. కానీ వానపడితే చాలు, ఆ పిల్ల అన్నం ముందు కూర్చుని లేచిపోతుంది.

తక్కినవాళ్ల మాటల్లో నిజం లేదని వైండింగాయన అనడు. మబ్బుల సంగతి లెక్చరరుకే తెలియాలి. ఆయన కడుపు మండేది పైపు గురించి. ఆ పైపు లేకపోతే నీళ్లు మంచం దాకా వచ్చేవి కావని ఆయన నమ్మకం. నమ్మకమే, రుజువు లేదు. పైపు ఉన్నా లేకపోయినా ఆ వానకి సందు మునిగేదే అని కూతురు మొండిగా అనుకుంటుంది. అలా అనుకుంటేనే ఆ పిల్ల తన్ను తాను తిట్టుకోవడానికి వీలు. వాళ్ల కార్ల కోసం నా పెళ్లాన్ని ముంచారని ఆయనా, పెట్టెల కోసం మా అమ్మని ముంచానని కూతురూ, ఒకే కప్పు కింద ఏడాదిగా ఒకరికొకరు చెప్పుకోకుండా పోట్లాడుకుంటున్నారు.

పాత తీగంతా వచ్చేశాక గుల్లలోని గాళ్లను బ్లేడుతో గీకి, గుడ్డతో తుడిచి, దీపం కింద పెట్టి చూశాడు. ఇనుము తళతళలాడుతోంది. పాడు చెయ్యబోయే పనికి కూడా ఈ శుభ్రమేమిట్రా అని తన్ను తానే కసురుకున్నాడు. చేతులు అలవాటు పడిపోయాయి మరి. పిల్లాడిగా ఉన్నప్పుడు గురువుగారి చెంపదెబ్బలు తింటూ నేర్చుకున్న పని. గోళ్ల సందుల్లో వార్నిషు నలుపు ఎన్ని సబ్బులు పెట్టినా వదలదు. దారం పళ్లతో కొరికి కొరికి కింది పెదవి మీద ఒక నొక్కు పడిపోయింది. ఈ చేతులు చుట్టిన మోటారు వెనక్కి వచ్చిందన్న మాట ఇంతవరకు ఎవరి నోటా రాలేదు.

పదింటివేళ సెక్రటరీ గొడుగు వేసుకుని వచ్చాడు. తెల్ల చొక్కా, బురద అంటకుండా మడిచిన ప్యాంటు. వెనకగది వైపు చూపు పోనివ్వకుండా జాగ్రత్తగా నిలబడ్డాడు.

"మధ్యాహ్నానికి కావాలి పెద్దాయనా. పోయినేటికన్నా పెద్ద వానంట. అద్దె మోటార్లు ఒక్కటీ దొరకడం లేదు."

వేరే ఎవరైనా ఆ మాటంటే వైండింగాయన పని ఆపేసి కొక్కెం పక్కన పెట్టేవాడు. కాయిలు చుట్టగానే సరిపోదు. వార్నిషు పోశాక గుల్లలో పెద్ద బల్బు వెలిగించి పెట్టి, ఆ వేడికి రాత్రంతా ఆరనివ్వాలి. ఎండాకాలంలోనే ఆయన ఒక రాత్రి ఆపుతాడు, వానల్లో రెండు. పెళ్లివారు వచ్చి కూర్చున్నా, బావి ఎండిపోతోందని కాళ్లు పట్టుకున్నా ఇచ్చేవాడు కాదు. ఇవాళ మాత్రం తలెత్తి, "అలాగే సార్," అన్నాడు.

"ఆరడం గీరడం అని ఏదో పెడతావట. అవన్నీ వద్దు. ఈ గండం గడిస్తే చాలు."

"వద్దంటే వద్దు సార్."

సెక్రటరీకి ఆ వినయం బాగా నచ్చినట్టుంది. వెళ్తూ వెళ్తూ, పోయినేడు మీ ఇంట్లో అలా జరగడం మా అందరికీ బాధే, ప్రకృతి, ఏం చేస్తాం అన్నాడు. అదే మాట, అదే గొంతు. వైండింగాయన ఒళ్లంతా భగ్గుమంది. భుజంలో పోటు మెడ దాకా పాకింది. అరిచి లాభమేమిటి? పోయినేడు అరిచాడు. గేటు ముందు నిలబడి గొంతు పోయేలా అరిస్తే, పాపం దుఃఖంలో ఉన్నాడని మంచినీళ్ల సీసా పంపించారు.

కొత్త తీగ చుట్టడం మొదలుపెట్టాడు. చెక్క చుట్టూ తీగ తిరుగుతుంటే పెదవులు వాటంతటవే లెక్క పెడుతున్నాయి. చుట్టిన కాయిలును గాళ్లలోకి వెదురు బద్దతో నొక్కుతూ దించాడు. ఒక కాయిలు పక్కన ఇంకో కాయిలు వచ్చేచోట మధ్యలో పేపరు పెట్టాలి. మందంగా, నున్నగా, గోధుమరంగులో ఉండే పేపరు. అది ఉంటేనే తీగ వేడెక్కినా ఒకదాని కరెంటు ఇంకోదానిలోకి దూకదు. వైండింగాయన అటక మీది రేకు డబ్బా దించాడు.

డబ్బాలో పేపర్లన్నీ భార్య కత్తిరించినవే. పెళ్లయిన కొత్తలో, మీరు మనుషులతో మాట్లాడరు, కనీసం పేపర్లైనా నన్ను కత్తిరించనివ్వండి అని పక్కన చేరింది. ఎప్పటికీ ఆ పని ఆవిడదే అయిపోయింది. గోటితో మడత గీసి, కత్తెర ఒక్కసారి కూడా ఆపకుండా కోసేది. కుడిచెయ్యి పడిపోయాక కూడా మానలేదు. మంచం మీదే ఎడమచేత్తో కత్తెర పట్టుకుని, వంకరటింకరగా కోసి, ఇవీ పనికొస్తాయండీ, పారేస్తే ఊరుకోను అని దబాయించేది. వంకరవి పైన ఉన్నాయి. ఒకటి తీసి కాయిలు మీద పెట్టబోయాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వాళ్ల మోటారుకి ఈవిడ పేపరా?

నిజానికి అప్పటిదాకా ఆయన అనుకున్నది ఒకటే, ఆరబెట్టకుండా ఇచ్చేయాలని. అది వాళ్లు కోరుకున్నదే, తన తప్పేమీ లేదు. కానీ ఆరని మోటారు కూడా ఒక్కోసారి మొండికేసి నడుస్తుంది. పేపరు లేనిది నడవదు. వేడెక్కేదాకా పాడుతుంది, తర్వాత ఎవడొచ్చి మొక్కినా లేవదు. ఈ వానలో ఆ పైపు ఒక్కటీ ఆగిపోతే, సందులోకి ఎన్ని నీళ్లు వస్తాయో కళ్లతో చూడొచ్చు. ఏడాది నుంచీ తేలనిది తేలిపోతుంది. వాళ్ల కార్లు మునుగుతాయి, మునగనీ. మునగాలి. సీట్లలోకి బురద ఎక్కాలి. లిఫ్టు గుంటలో కప్పలు తిరగాలి. వైండింగాయన డబ్బా మూత బిగించి, మళ్లీ అటకెక్కించి, పేపరు లేకుండానే రెండో కాయిలు దించేశాడు. దారంతో కట్లు కట్టాడు, వార్నిషు పోశాడు. పైకి చూస్తే గురువుగారు కూడా శభాష్ అనేలా ఉంది.

వార్నిషు ఇంకా కారుతుండగానే బోల్టులు బిగించేశాడు. ఎర్త్ తీగ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఆగాడు. ఆ ఒక్క తీగ కలపకపోతే, కాయిలు కాలినప్పుడు కరెంటు ఇనుములోకి వస్తుంది. నీళ్లలో నిలబడి ముట్టుకున్నవాడు మళ్లీ మాట్లాడడు. ముట్టుకునేది సెక్రటరీ కాదు. పైపు బిగించిన ఆ చేతులే. గుమ్మం బయట వాచ్‌మన్ గోనెసంచి నెత్తిన వేసుకుని బండి పక్కన తడుస్తున్నాడు. ఆయన అతని వంక చూశాడు, తీగ వంక చూశాడు. వీడు చస్తే ఆ పెద్దమనుషులు నేరం వీడి మీదే తోసేసి ఇంకో వాచ్‌మన్‌ని పెట్టుకుంటారు. తనకి కావలసింది వీడి చావు కాదు. ఎర్త్ తీగను బిగించి, లాగి చూసి, ఇంకోసారి బిగించాడు.

మోటారు బండి మీదికి ఎక్కించాక ఆయన వాచ్‌మన్ మోచెయ్యి పట్టుకున్నాడు.

"మాడిన వాసన వస్తే ఏం చేస్తావు?"

"ఎందుకొస్తుంది బాబాయ్? బాగానే చుట్టావు కదా?"

"అడిగినదానికి చెప్పు."

వాచ్‌మన్ ఆయన మొహంలోకి చాలాసేపు చూశాడు. "మెయిన్ ఆపేస్తాను," అన్నాడు మెల్లగా.

"ఆపి పైకొచ్చెయ్. దాని మీద చెయ్యి వెయ్యకు. ఎవడు దిగమన్నా మళ్లీ దిగకు."

"ఆ రోజు పైపు..." అని వాచ్‌మన్ ఏదో చెప్పబోయి నీళ్లు నమిలాడు. బండి గుంటల్లో పడకుండా తోసుకెళ్లమని చెప్పి వైండింగాయన లోపలికి వచ్చేశాడు.

మధ్యాహ్నం వాన దంచడం మొదలుపెట్టింది. బ్రెడ్డు కంపెనీ వాళ్లు అందరినీ ముందే ఇళ్లకి పంపేశారు. కూతురు నిలువునా తడిసి వచ్చి, తల కూడా తుడుచుకోకుండా పెట్టెలు అటకెక్కించబోయి, ఉలిక్కిపడి వదిలేసింది. వెనకగది మధ్యలో నిలబడింది. ఇంకేమీ తోచక, ఖాళీ మంచాన్ని గోడ వైపు జరిపింది. వైండింగాయన షాపు గడప మీద కూర్చుని ఇదంతా వెనక్కి తిరగకుండానే విన్నాడు.

గోడ మీది పైపు నోరు తెరిచింది. ఎర్రటి నీళ్లు లావుపాటి ధారగా సందులోకి పడ్డాయి. మురుగ్గాలవ నిండింది, నీళ్లు పొర్లి వీధి మీదికొచ్చాయి. ఆయన చుట్టిన మోటారు గోడవతల హాయిగా పాడుతోంది. చప్పుడు వింటే చాలు, తన పని తనకి తెలుస్తుంది. ఎంత బాగా నడుస్తోందో చూడు దొంగముండ అని పళ్లు కొరికాడు. టీ కొట్టావిడ స్టవ్వు నెత్తిన పెట్టుకుని ఎత్తైన అరుగు వెతుక్కుంటూ పోతోంది. నీళ్లు మొదటి మెట్టు ఎక్కాయి. రెండో మెట్టు ఎక్కాయి. ఒక్క క్షణం ఆయనకి భయమేసింది. పేపరు లేకపోయినా మాడదేమో. తన చేతిపని మరీ గట్టిదేమో.

దీపాలు పెట్టేవేళకి పాట గొంతు మారింది. ముందు సన్నగా ఒక కూత, తర్వాత బరువుగా ఒక మూలుగు. పైపు రెండుసార్లు దగ్గి, ఇన్ని నీళ్లు కక్కి, ఆగిపోయింది. వైండింగాయన నవ్వాడు. భార్య పోయాక ఆ ఇంట్లో నవ్వు వినపడడం అదే మొదలు. లోపల్నుంచి కూతురు తొంగిచూసింది.

కాసేపటికే గోడవతల కేకలు మొదలయ్యాయి. కార్ల అలారాలు ఒకదాని తర్వాత ఒకటి కుయ్యోమని మొత్తుకుని, ఒకదాని తర్వాత ఒకటి నోరు మూసుకున్నాయి. షాపులో ఫోను మోగింది, ఆగింది, మళ్లీ మోగింది. ఆయన తియ్యలేదు. మోకాలిలోతు నీళ్లలో వాచ్‌మన్ గోడ పట్టుకుని వచ్చాడు. వాసనొచ్చిందని, చెప్పినట్టే మెయిన్ ఆపి పైకొచ్చేశానని, వర్షపు నీళ్లన్నీ సెల్లారులోకే దిగుతున్నాయని, కార్లు పడవల్లా లేచి ఒకదాన్నొకటి గుద్దుకుంటున్నాయని చెప్పాడు. చెబుతూ చెబుతూ ఒగర్చాడు.

"సెక్రటరీ నిన్ను తీసుకురమ్మంటున్నాడు బాబాయ్. ఎందుకు మాడిందని అడుగుతున్నాడు. ఏం చెప్పమంటావు?"

"ప్రకృతి అని చెప్పు."

వాచ్‌మన్ నోరు తెరిచి, మూసి, ఆ మాటను ఒకసారి తనలో తాను అనుకున్నాడు. అతని మొహం నవ్వుకీ ఏడుపుకీ మధ్య ఎటు పోవాలో తెలియనట్టు అయింది. సరే బాబాయ్ అని వెనక్కి తిరిగి, వచ్చినదానికన్నా తాపీగా వెళ్లాడు.

వాన తగ్గలేదు. ఇంకా పెరిగింది. వైండింగాయన గడప మీంచి లేవలేదు. నీళ్లు మూడో మెట్టు ముంచి గడప చెక్కని తాకాయి. కూతురు వచ్చి వెనక నిలబడింది. ఆ పిల్ల ఊపిరి ఆయన నడినెత్తికి తగులుతోంది. నీళ్లు చెక్క అంచున వణుకుతూ ఉన్నాయి. ఆయన వేలు చెక్క మీద ఆనించి అలాగే పెట్టాడు. వేలు తడవలేదు. ఎంతసేపు కూర్చున్నా తడవలేదు. చివరికి చెక్క పక్కన చెత్త ఒక గీతలా నిలిచిపోయి, నీళ్లు దాని నుంచి కిందికి జారడం కనిపించింది. ఎదురింటి అరుగు మీంచి లెక్చరరు, ఇది పోయినేటిని మించిన వాన అని ఎవరికో గట్టిగా చెబుతున్నాడు. ఫోన్లో చదివాడట.

"విన్నావా?" అన్నాడు వైండింగాయన.

కూతురు నీళ్ల అంచు వంకే చూస్తోంది.

"పోయినేటిని మించిన వానంట. పైపు ఆగింది. నీళ్లు ఇక్కడ ఆగాయి." గడప మీద అరచేత్తో తట్టాడు. "గడప దాకా వానది. గడప నుంచి మంచం దాకా వాళ్లది. ఇందులో నీ వాటా లేదమ్మా. పెట్టెలు ముందెక్కించినా, వెనకెక్కించినా నీ వాటా లేదు."

కూతురు ఆయన పక్కన కూలబడి, ఆయన మోకాలి మీద తల పెట్టి, చిన్నపిల్లలా గొంతెత్తి ఏడ్చింది. తల్లి పోయిన రోజు ఏడవలేదు, అప్పుడు అందరూ అదే చెప్పుకున్నారు. ఆయన ఆ తడి జుట్టు నిమురుతూ ఊరుకున్నాడు. భుజంలో పోటు చెయ్యంతా దిగింది. ఈసారి ఎవరినీ తిట్టుకోలేదు.

తర్వాత ఇద్దరూ అన్నం తిన్నారు. కూతురు రెండోసారి కూడా పెట్టుకుంది. అది చూసి ఆయన తన కంచంలోది వదిలేసినా ఆ పిల్ల గమనించలేదు. ఏడాదిగా ఎవరూ పడుకోని మంచం మీద దుప్పటి పరవమన్నాడు. ఒంట్లో బాగాలేదా అంటే, అదేం లేదు, నడుం వాల్చాలనుంది అన్నాడు. సెక్రటరీ మళ్లీ ఫోను చేస్తే తియ్యొద్దని చెప్పి గోడ వైపు తిరిగాడు.

తెల్లారేసరికి వాన వెలిసింది. గోడవతల ఏవో యంత్రాల రొద, మనుషుల తిట్లు. కూతురు టీ గ్లాసు పట్టుకొచ్చి నాన్నా అని పిలిచింది. రెండోసారి పిలుస్తూ భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది. గ్లాసు కింద పెట్టింది. అరవలేదు, ఎవరినీ పిలవడానికి పరిగెత్తలేదు. మంచం పట్టె పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. షాపులో ఫోను మోగుతూనే ఉంది.

మంచం కింద ఆయన చెప్పులు, విడిచినవి విడిచినచోటే, పొడిగా ఉన్నాయి.